చివరి నల్లా

టీచర్ ట్రైనింగ్‌లో భాగంగా ఈ నెల నన్ను నల్లగొండ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకు పంపారు. మొన్న రెండో తరగతికి 'మనకు సాయపడేవారు' పాఠం చెప్పాను. గోడకు చార్టు తగిలించి ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ పోయాను. డాక్టరు, పోలీసు, పోస్ట్‌మ్యాన్, ఫైరింజన్ మనిషి. పిల్లలు నాకంటే ముందే పేర్లు అరుస్తున్నారు. వెనక వరుసలో ఒక పాప మాత్రం లేచి నిలబడి, "టీచర్, గీళ్ళెవ్వలు మా ఊళ్ళె ఉండరు" అంది. క్లాసంతా నవ్వింది. నేను చార్టు మడిచి బల్ల మీద పెట్టేశాను. మా ఊరి బడి, తడి మట్టి వాసన, బ్లీచింగ్ పౌడరు ఘాటు ఒక్కసారిగా ముక్కుకు తగిలినట్టయింది.

అప్పుడు నేను నాలుగో తరగతి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. చౌటుప్పల్ నుంచి లోపలికి పోయే రోడ్డు మీద మా ఊరు. ఊరి మొదట్లో బడి, బడి పక్కన నీళ్ళ ట్యాంకు. అక్కడి నుంచి దిగుతూ పోతే ముందు చావడి వాడ, తర్వాత మా మగ్గాల వాడ. మా వాడ దాటితే చిన్న వాగు. వాగు దాటి మళ్ళీ కొంచెం ఎత్తెక్కితే చివరి వాడ. కూలికి పోయేవాళ్ళు, కంపెనీల్లో పనికి పోయేవాళ్ళు ఎక్కువగా అక్కడే ఉండేవాళ్ళు. ఊరి చర్చి కూడా అక్కడే.

మా ఇంట్లో పొద్దున లేస్తే రంగు ఉడుకుతున్న వాసన. నానబెట్టిన నూలు వాసన. ఆ రెండింటి మధ్యలోనే చింతకాయ తొక్కు పెట్టుకుని రాత్రి జొన్నరొట్టె తినేదాన్ని. బాపు గోళ్ళు ఏడాది పొడుగునా నీలంగానో ఎర్రగానో ఉండేవి. అమ్మ మేకుల చట్రం మీద నూలు వరసలు చుడుతూ ఆసు పోస్తూ ఉండేది. అవ్వకు మోకాళ్ళు వంగవు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు బోరు నీళ్ళు అట్లా చేశాయట. అందుకని ఎత్తు స్టూలు మీదే కూర్చుని, తెగిన దారాలు అతుకుతూ, దారిన పోయేవాళ్ళందరినీ పలకరించేది.

నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వచ్చేవి. ఆ రోజు ఊరి మొహమే వేరు. తెల్లవారకముందే బిందెలు గడపల్లోకి వచ్చి కూర్చునేవి. "నల్లా వచ్చింది" అని ఎవరో ఒకరు కేకేస్తే ఆ కేక ఇల్లు దాటి ఇల్లు పాకేది. మా ఇంట్లో నాకో పని ఉండేది. అమ్మ కేక వినగానే బాత్రూం గోడకు ఉన్న స్విచ్ వేయాలి. కింద గోనెసంచి కప్పిన చిన్న మోటరు జుయ్యిమని మోగేది. సిమెంటు తొట్టి నిండేది. నూలు రెండుసార్లు ఉతకాలంటే ఆ తొట్టి నిండాల్సిందే. నేను ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. అది నాకు గొప్పగా ఉండేది.

మా టీచర్ భువనగిరి నుంచి స్కూటీ మీద వచ్చేది. సన్నగా, గట్టి గొంతుతో ఉండేది. ఈ పాఠం వచ్చినప్పుడు ఆమె చార్టు తగిలించలేదు.

"పొద్దున లేచినకాడికెల్లి బడికొచ్చేదాక మీకు ఎవలెవలు పని చేసిపెట్టిండ్రో చెప్పుండ్రి" అంది.

"అమ్మ" అన్నాం అందరం.

"అమ్మ తర్వాత?"

ఒక్కొక్కరే చెప్పారు. ఊరు ఊడ్చే అమ్మ. కరెంటు లైన్‌మ్యాన్. బడిలో అన్నం వండే పెద్దమ్మ. మాత్రలిచ్చే ఆశ వర్కరు అక్క. బస్సు డ్రైవరు. పోస్టాయన. నీళ్ళాయన. టీచర్ అన్నీ బోర్డు మీద రాసి, చీటీలు చేసి, డబ్బాలో వేసి ఊపింది. ఎవరికి ఎవరు వస్తే వాళ్ళ వెంట తిరిగి వాళ్ళ పని చూడాలి. రెండు ప్రశ్నలకు జవాబు తేవాలి. ఆయన మన కోసం ఏం చేస్తడు? ఆయన పని సక్కగ జరగాలంటే మనం ఏం చెయ్యాలె? బతుకమ్మ సెలవులకు ముందు రోజు ఊరందరి ముందు చెప్పాలి.

నాకు బస్సు డ్రైవరు రావాలని ఉండేది. ఇంజను పక్కన కూర్చుని చౌటుప్పల్ దాకా పోవచ్చు. చీటీ విప్పితే 'నీళ్ళాయన' అని ఉంది. పక్కన కూర్చునే నా నేస్తానికి పోస్టాయన వచ్చాడు. దానిది చివరి వాడ. వాడలో ఆఖరి ఇల్లు, ఆఖరి నల్లా వాళ్ళదే. పోస్టాయన మా ఊరికి వారానికి ఒక్కసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ దానికి పని లేదు. అందుకని నా వెంట పడింది.

నీళ్ళాయనది కూడా చివరి వాడే. యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. భుజం మీద పొడుగాటి ఇనుప రాడ్డు, సైకిల్ హ్యాండిలుకు పాత ట్యూబు ముక్కలు. పెద్దవాళ్ళు ఆయన్ని "ఏయ్ నీళ్ళోడా" అని పిలిచేవాళ్ళు. నేను ఆయన్ని తాతా అన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరినైనా పిలిచానేమోనని చూశాడు.

"తాతా, నీ పని నేర్చుకోవాలె అన్నది టీచర్."

"నా పనా? నీకేమన్న పిచ్చి లేసిందా బిడ్డా?"

"పిచ్చి గాదు. మార్కులు."

ఆయన నవ్వాడు. రెండు పళ్ళు లేవు.

ఆ వర్షాకాలమంతా, వానలు పెద్దగా లేని వర్షాకాలం, నేనూ నా నేస్తం ఆయన వెనకే తిరిగాం. ట్యాంకు నీళ్ళు ఊళ్ళోకి వదిలే వాల్వు ఒక గుంతలో ఉండేది, పైన బండ. బండ ఎత్తే ముందు రాడ్డుతో మూడుసార్లు కొట్టాలి, తేలు ఉంటే తప్పుకుంటుంది. గుంతలో ఒక ముసలి కప్ప కాపురం ఉండేది. తాత దాన్ని "పక్కకు జరుగు సర్పంచ్ సాబ్" అనేవాడు. ఒకరోజు మేమిద్దరం ఆ కప్పను టీచర్ చాక్‌పీసుల డబ్బాలో పెట్టాం. టీచర్ మూత తీసి, అరవకుండా మళ్ళీ మూసి, "ఇది ఎవరికి సాయపడుతది, ఏం పని చేస్తది, రేపు పది వాక్యాలు రాసుకరాండ్రి" అంది. ఎవరు పెట్టారని అడగలేదు. మా ఇద్దరినే చూస్తూ చెప్పింది.

బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. లేకపోతే కళ్ళు మండుతాయి. పైపు కారితే ట్యూబు ముక్కను నీళ్ళలో తడిపి, లాగి లాగి, ఒక్క చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేటట్టు కట్టాలి. అన్నింటికన్నా నాకు నచ్చింది చెవి పెట్టడం. నేల మీద తేలిన పైపుకు తాత చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఇగో, మీ వాడకు వచ్చినయి" అనేవాడు. నిజంగానే అప్పుడే మా వాడలో కేక వినబడేది.

చూసింది రాయమంది టీచర్. అందుకని నా నేస్తం వాళ్ళింటి దగ్గర ఎన్ని బిందెలు నిండాయో నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. ఒకటిన్నర. రెండు. ఒకటి. ఒకటిన్నర. ఒకరోజు మాత్రం ఏడు. మళ్ళీ ఒకటి. ఏడు రాసిన రోజు దాని అక్షరాలు కూడా పెద్దగా ఉన్నాయి.

ఆ రోజు ఏమైందని ఇద్దరం ఆలోచించాం. అంతకు ముందు రోజు గాలిదుమారానికి కరెంటు తీగ తెగింది. మర్నాడు బాగా పొద్దెక్కేదాకా కరెంటు లేదు. ట్యాంకు ముందే నిండి ఉంది కాబట్టి తాత ఎప్పటిలాగే వాల్వు తిప్పాడు. మళ్ళీ ఇంకో పొద్దున కరెంటు పోయింది. ఆ రోజు ఆరున్నర బిందెలు.

"తాతా, కరెంటు లేనప్పుడే కింద నీళ్ళు మంచిగొస్తున్నయి" అన్నాను.

తాత పైపుకు ట్యూబు కడుతున్నవాడు ఆగాడు. "ఇన్నేండ్లకు ఒక్కరు అడిగిండ్రు" అన్నాడు, నన్ను చూడకుండానే.

"కరెంటుకు నల్లాకు ఏం సంబంధం?"

"పెద్దోళ్ళ ముచ్చట బిడ్డా. నన్నడగకు. నీకు చెవులున్నయి గద. పైపు మీద పెట్టి విను."

తర్వాతి నీళ్ళ రోజు మా వాడలో పైపు పైకి తేలిన చోట చెవి పెట్టాను. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. తేనెటీగల్లాంటిది. లేచి గోడల వెంట నడిచాను. మొదటి ఇంట్లో ఉంది. తర్వాతి ఇంట్లో లేదు. ఆ పక్కది, ఎదురిల్లు, మూల ఇల్లు, అన్నింట్లో అదే మోత. అట్లా వింటూ వింటూ మా ఇంటి గోడ దగ్గరికి వచ్చాను. మా గోడ వెనక చప్పుడు లేదు. ఎందుకో అర్థమయ్యేలోపే లోపలి నుంచి అమ్మ కేక వేసింది.

"ఏడున్నవే? నల్లా వచ్చింది. స్విచ్ ఎయ్యి."

నేను పోయి వేశాను. రోజూ వేసేదే కదా, చెయ్యి దానంతట అదే పోయింది. మోటరు జుయ్యిమంది. తొట్టిలో నీళ్ళు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నా నేస్తం ఆ పొద్దున పుస్తకంలో 'ఒకటి' అని రాసింది.

అదే వారం చివరి వాడలో గొడవ మొదలైంది. నా నేస్తం వాళ్ళమ్మ గట్టి మనిషి, మాట దాచుకోదు. నీళ్ళాయన ఇంటి ముందు నిలబడి నలుగురు వినేటట్టు అంది. "మనోడై ఉండి మనకే నీళ్ళియ్యడు. పై వాడలోళ్ళు చాయ పోస్తే అటు తిప్పుతడు." వాడంతా కలిసి కాగితం రాశారు. చదువు రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. నీళ్ళాయన్ని తీసేసి ఇంకొకరిని పెట్టమని. సర్పంచ్ ఎలాగూ మా బడి కార్యక్రమానికి వస్తున్నాడు కాబట్టి ఆ రోజే అందరి ముందు తేలుస్తానన్నాడు.

నేను పరుగెత్తుకుంటూ ట్యాంకు దగ్గరికి పోయాను. తాత కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నువ్వు తిప్పుతలేవు గద తాతా. మోటర్లు గుంజుతున్నయి. చెప్పరాదు?"

"మూడేండ్లకెల్లి చెప్తున్న. ఇంటింటికి పోయి తీయుండ్రి అని బతిలాడిన. నువ్వెవనివిరా చెప్పెతందుకు అన్నరు. ఇగ మా వాడోళ్ళకు చెప్తే కట్టెలు పట్టుకుని మీద పోతరు. ఊళ్ళె నెత్తురు కారుతది. నీళ్ళకోసం నెత్తురెందుకు బిడ్డా."

"మా బాపు కూడా అట్లనే అన్నడా?"

తాత బీడీ నేలకు రాసి ఆర్పాడు. "మీ బాపు ఏమనలే. లోపలికి పోయి తలుపేసుకున్నడు."

తర్వాతి నీళ్ళ రోజు అమ్మ కేకేసింది. నేను స్విచ్ వేయలేదు. గడపలో కూర్చుని రొట్టె తింటున్నాను. నీళ్ళు ఆగిపోయాక బాపు తొట్టి చూశాడు. అడుగున జానెడు.

"మోటరు ఖరాబైందా?"

"లేదు బాపూ. నేనే ఏయలే."

"ఎందుకు?"

చెప్పాను. బిందెల లెక్క, కరెంటు పోయిన రోజులు, పైపులో మోత, తాత మీద రాసిన కాగితం. బాపు వింటూ వింటూ నూలు కట్టను పిండుతూనే ఉన్నాడు. పిండడానికి ఇంక నీళ్ళు లేకున్నా పిండుతున్నాడు.

"నేనొక్కన్నేనా పెట్టుకున్నది? వాడల తొమ్మిది ఇండ్లల్ల ఉన్నయి. దసరకు చీరలియ్యాలె. నూలు ఉతకకపోతే రంగు నిలుస్తదా? బడిల ఏమన్న చెప్పుకో. ఇంటి ముచ్చట ఇంట్లనే ఉండాలె."

స్టూలు మీద నుంచి అవ్వ అంది. "దాని చెయ్యితోటే ఏయిస్తిమి గద రా ఇన్నొద్దులు. అడుగుతది మరి."

బాపు లేచి మగ్గం గుంతలో దిగాడు. ఆ రోజంతా మగ్గం చప్పుడు ఆగలేదు.

బడి కార్యక్రమం రోజు వరండా అంతా తంగేడు పూలు, గునుగు పూలు. పిల్లలు బతుకమ్మ కోసం తెచ్చి కుప్పలు పోశారు. అన్నం వండే పెద్దమ్మ ఆ రోజు అందరికీ సర్వపిండి కాల్చింది. నూనెలో నువ్వులు చిటపటలాడే వాసన వస్తుంటే ఎవరూ కుదురుగా కూర్చోలేదు. సర్పంచ్ కుర్చీలో, ఊరి జనం చాపల మీద. చివరి వాడవాళ్ళు ఒక పక్కన గుంపుగా, కాగితం నా నేస్తం వాళ్ళమ్మ చేతిలో. మా బాపు గేటు దగ్గర నిలబడ్డాడు. నీళ్ళాయన లోపలికే రాలేదు. ట్యాంకు కంచె పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు డ్రైవరు చీటీ వచ్చిన పిల్లవాడు స్టీలు పళ్ళెం తిప్పుతూ చౌటుప్పల్ దాకా బస్సు నడిపి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా నేస్తం పోస్టాయన గురించి రెండు ముక్కల్లో చెప్పి కూర్చుంది. తర్వాత నా పేరు పిలిచారు.

నీళ్ళాయన పని గురించి చెప్పడం మొదలుపెట్టగానే భయం తగ్గింది. తేలు, కప్ప, బ్లీచింగ్, ట్యూబు కట్టడం, చెవి పెట్టి వినడం అన్నీ చెప్పాను. జ్వరమొచ్చినా వాల్వు తిప్పడానికి దుప్పటి కప్పుకుని వచ్చాడని చెప్పాను. తర్వాత నోటుబుక్కు తీసి బిందెల లెక్క చదివాను.

నా నేస్తం వాళ్ళమ్మ లేచింది. "అగో, విన్నరా. పిల్లనే చెప్పవట్టె. మాకు ఒకటిన్నర బిందె. మరి ఎటు పోతున్నయి నీళ్ళు? ఎవలకు పోస్తున్నడో గది చెప్పు బిడ్డా."

నేను గేటు వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

"మా ఇంట్లకు" అన్నాను.

పెనం మీద నూనె చప్పుడు మాత్రం వినబడింది.

"మా బాత్రూంల మోటరున్నది. నల్లా రాంగనే గుంజుతది. స్విచ్ నేనే ఏస్త. తాత ఏం చేస్తలేడు. కరెంటు లేని రోజు కింద ఏడు బిందెలు నిండినయి. సూడుండ్రి, రాసిపెట్టినం."

అప్పుడు చూశాను. బాపు గేటు తీసుకుని బయటికి వెళ్ళిపోతున్నాడు. వెనక్కి తిరగలేదు.

సర్పంచ్ గొంతు సవరించుకుని, "చిన్నపిల్ల, ఏదో తెలువక..." అని మొదలుపెట్టాడు. టీచర్ ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

"ఇంకో ప్రశ్న ఉన్నది గద. దానికి జవాబు చెప్పు" అంది నాతో.

నేను ఇంట్లో రాసుకున్నది మర్చిపోయాను. నోటికి వచ్చింది చెప్పాను. "తాత నీళ్ళు ఇడుస్తడు. ఆఖరి ఇంటిదాక మనం పోనియ్యాలె. గది మన పని."

నా నేస్తం వాళ్ళమ్మ కంచె దగ్గరున్న నీళ్ళాయన వైపు తిరిగింది. "ఎన్ని ఇండ్లల్ల ఉన్నయో నువ్వు చెప్పు."

"నేను చెప్ప" అన్నాడాయన. "ఎవలింట్ల ఉన్నదో వాళ్ళకెరుకే."

మా వాడవాళ్ళలో కొంతమంది తలలు దించుకోవడం నేను నిలబడిన చోటు నుంచి చూశాను. నా నేస్తం వాళ్ళమ్మ చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. దాన్ని సర్పంచ్‌కు ఇవ్వలేదు.

నేను వెంటనే ఇంటికి పోలేదు. నా నేస్తంతో కలిసి చర్చి మెట్ల మీద కూర్చున్నాను. సర్వపిండి చేతిలో చల్లారిపోయింది. "కొడతడా?" అని అడిగింది అది. ఎప్పుడూ కొట్టలేదని చెప్పాను. కానీ ఎప్పుడూ ఇట్లా చేయలేదు కదా. చివరికి ఆకలి భయాన్ని గెలిచింది. ఇంటికి నడిచాను.

బాత్రూంలో బాపు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పానాలు. గోనెసంచి మీద విప్పిన మోటరు. పైపులో మిగిలిన నీళ్ళు అతుకు దగ్గర సన్నగా కారుతున్నాయి. నన్ను చూసి, ఏమీ జరగనట్టు, "గా ట్యూబు ముక్క ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను. రెండు చుట్లు చుట్టాడు, జారిపోయింది. మళ్ళీ చుట్టాడు.

"గట్ల కాదు బాపూ. ముందుగాల తడపాలె. లాగి, సగం మీదికెక్కేటట్టు కట్టాలె."

బాపు నా వైపు చూశాడు. ట్యూబు నా చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. "నీకు నేర్పిండు గద. నువ్వే కట్టు."

కట్టాను. నీళ్ళు ఆగాయి. బాపు తడి చేత్తోనే నా తల మీద ఒకసారి నిమిరాడు. తర్వాత మోటరును భుజాన పెట్టుకుని, అందరూ గడపల్లో ఉన్న సాయంత్రం పూట, వాడ నడిమధ్య నుంచి పంచాయతీ ఆఫీసు దాకా నడిచిపోయాడు. దాయాల్సిన పని లేదన్నట్టు నెమ్మదిగా నడిచాడు. ఎవరో, "ఏందన్నా గది?" అని అడిగారు. "మోటరు" అన్నాడు బాపు. అంతే.

తెల్లారి మూల ఇంటాయన తనది తీశాడు. మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు. సర్పంచ్ డప్పు చాటింపు వేయించాక మిగతావాళ్ళు. మొదటి ఇంటి పెద్దమనిషి అందరికంటే ఆఖరున తీశాడు, దీపావళి దాకా మాతో మాట్లాడలేదు. మరి మా నూలు? బాపు సైకిలుకు కట్టుకుని ఊరి బయట తెలిసినవాళ్ళ పొలంలో బోరు దగ్గరికి తీసుకుపోయి ఉతికేవాడు. కొన్నాళ్ళకు మిగతా మగ్గాలవాళ్ళు కూడా వెంట పోవడం మొదలుపెట్టారు. చీరలు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి. ఆ ఏడు దసరాకు నాకు కొత్త గౌను రాలేదు. దాని గురించి నేను ఏడ్వలేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. కొంచెం ఏడ్చాను, ఆమె చూడలేదు.

మోటర్లన్నీ పోయాక వచ్చిన మొదటి నీళ్ళ రోజు నాకు బాగా గుర్తుంది. సెలవులు. తెల్లవారకముందే నేను వాల్వు గుంత దగ్గర ఉన్నాను. తాత బండ మీద మూడుసార్లు కొట్టి, ఎత్తి, రాడ్డు దించి, "నువ్వే తిప్పు" అన్నాడు. నా బరువంతా వేసి వేలాడాను. అది కదలలేదు. తాత ఒక్క చెయ్యి వేశాడు. కదిలింది. పైపు లోపల నీళ్ళు ఉరికిన చప్పుడు కాళ్ళ కిందుగా పోయింది.

నేను దాని వెంట పరుగెత్తాను. చావడి వాడ దాటి, మా వాడ దాటి, వాగులో దిగి, ఎత్తెక్కి, నా నేస్తం వాళ్ళింటికి. వాడంతా అక్కడే ఉంది. నల్లా ముందు బిందెలు వరుసగా, పిల్లలు ఆ బిందెల మధ్య. అందరూ నల్లా నోటినే చూస్తున్నారు. ముందు గాలి బుసకొట్టింది. ఆగింది. ఎవరో నిట్టూర్చారు. మళ్ళీ బుసకొట్టి, ఎర్రటి తుప్పు నీళ్ళు ఉమ్మి, తర్వాత ఒక్కసారిగా, చేతి మందాన, తెల్లగా దూకాయి.

నా నేస్తం పుస్తకం పడేసి నోటితోనే లెక్క పెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఏడు దాటినప్పుడు వాడవాళ్ళంతా దాంతో కలిసి లెక్క పెట్టారు. పన్నెండుకు బిందెలు అయిపోయాయి. గంగాళం తెచ్చారు, బకెట్లు తెచ్చారు, అన్నం గిన్నెలు కూడా తెచ్చారు. అవీ నిండాక ఒక ముసలామె తన మనవణ్ణి నల్లా కింద కూర్చోబెట్టి స్నానం చేయించింది. వాడు చలికి అరుస్తుంటే అందరూ నవ్వారు. నా జీవితంలో అంతమంది పెద్దవాళ్ళు ఒక్కచోట అట్లా నవ్వడం అప్పటిదాకా చూడలేదు.

తాత సైకిలు మీద వచ్చి దిగాడు. నా నేస్తం వాళ్ళమ్మ నిండిన బిందె కింద పెట్టి ఎదురుపోయింది. గట్టి గొంతు మనిషి, మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నా, నిన్ను శాన మాటలంటి."

"మాటలకేముంది. నీళ్ళు పోతున్నయి, బిందె పెట్టు" అన్నాడు తాత.

దసరా రోజు ఊరి బయట జమ్మి చెట్టు దగ్గర పూజ అయ్యాక, ఎప్పటిలాగే అందరూ ఆకులు తెంపుకుని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతారు, సమానులు కౌగిలించుకుంటారు. ప్రతి ఏడూ బాపు మా వాడలో తిరిగి, అవ్వకు మొక్కి, ఇంట్లో కూర్చునేవాడు. ఆ ఏడు గుప్పెడు జమ్మి తెంపి, "దా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. వాగు వైపు నడుస్తుంటే ఎక్కడికో నాకు తెలిసింది. పండుగ పూట మా ఇంటివాళ్ళు ఆ వాడకు పోవడం అదే మొదటిసారి.

తాత ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, ఏదో పైపు పగిలిందనుకున్నాడేమో, రాడ్డు కోసం గోడ వైపు చూశాడు. బాపు జమ్మి ఆయన అరచేతిలో పెట్టాడు. పెట్టి, కాళ్ళ మీదికి వంగాడు. తాత కంగారుగా మధ్యలోనే రెండు భుజాలూ పట్టుకుని ఆపాడు. ఆపిన మనిషి వదలలేదు. ఇద్దరూ అట్లాగే పట్టుకుని నిలబడ్డారు. మా బాపు నీలం గోళ్ళు తాత తెల్లటి పండుగ చొక్కా మీద కనబడుతున్నాయి.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంటింటికీ నల్లా ఉంది. దూరపు నది నీళ్ళు వస్తున్నాయి. బిందెల వరుసలు చూడని పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. నేను ఎన్నో చదివాను, పరీక్షల్లో చాలా ప్రశ్నలకు జవాబులు రాశాను. పెద్దయ్యాక కూడా నన్ను నేను మెచ్చుకోవాలనిపిస్తే తలుచుకునేది మాత్రం ఆ ఏడు దసరానే.

ఆ సాయంత్రం మేము వెంటనే తిరిగి రాలేకపోయాం. నా నేస్తం వాళ్ళ నాయిన చెయ్యి చాపాడు. ఆ పక్కింటాయన చాపాడు. మనవడికి నల్లా కింద స్నానం చేయించిన ముసలామె చాపింది. బాపు ఒక్కొక్కరికీ రెండేసి ఆకులు పెట్టుకుంటూ పోయాడు, తర్వాత ఒక్కొక్కటే. ఒక్క మనిషికని తెంపుకున్న జమ్మి. చీకటి పడుతుండగా ఇంటికి వచ్చి అవ్వకు పెడదామని చూస్తే బాపు చేతిలో ఆకు మిగల్లేదు. అవ్వ చాపిన ఖాళీ అరచేతిని అట్లాగే మూసుకుని, "మంచిగైంది" అంది.